అత్తమ్మ జొన్న రొట్టె మానేసిందంటే: కొరికే బలం మీద మీ ప్రశ్నలు

పెద్దవయసు ఆడవాళ్లలో నమిలే శక్తి తగ్గడం గురించి నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఉత్తరాలు రాసినవాళ్ల పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మా అత్తమ్మకు 67 ఏండ్లు. ఏడాది కిందటి దాక జొన్న రొట్టె, పల్లికాయలు మంచిగ తినేది. ఇప్పుడు రెండు పూటలు మెత్తటి అన్నంల పచ్చిపులుసు పోసుకొని మింగుతున్నది. బక్కగయింది. నీళ్ల బిందె లేపుతలేదు. అడిగితే 'వయసు మీద పడ్డంక ఇంతే బిడ్డా' అంటది. పండ్లు ఊడితే చేతుల బలం గూడ పోతదా?
– ఒక కోడలు, దేవరకొండ

జవాబు: పళ్లు ఊడినంత మాత్రాన చేతుల్లో బలం పోదు. కానీ రెండూ ఒకే ఏడాదిలో తగ్గాయంటే రెండింటికీ ఒకే కారణం ఉందేమో వెతకాలి. చాలా ఇళ్లల్లో ఆ కారణం కంచంలోనే కనిపిస్తుంది.

కొరికే బలానికి మూడు ఆధారాలు. పైదీ కిందిదీ ఒకదానికొకటి తగిలే దవడపళ్లు ఎన్ని ఉన్నాయన్నది మొదటిది. వాటిని పట్టి ఉంచే చిగురు, ఎముక రెండోది. దవడను మూసే కండరాల సత్తువ మూడోది. పళ్లన్నీ ఉన్న నడివయసు ఆడమనిషి దవడపళ్లతో గట్టిగా కొరికితే సుమారు 30 నుంచి 50 కిలోల బరువు మోపినంత ఒత్తిడి పడుతుంది. వయసుతో ఇది కొంత తగ్గడం సహజమే. అయితే జొన్న రొట్టె నమలలేనంతగా పడిపోతే అది వయసు పని కాదు. దవడపళ్లు పోయి ఉండాలి, లేదా పళ్లు కదులుతూ ఉండాలి, లేదా ఒంట్లోని కండరాలన్నిటితో పాటు దవడ కండరమూ కరిగిపోతూ ఉండాలి.

జపాన్, కొరియా దేశాల్లో వృద్ధుల మీద జరిగిన పరిశీలనల్లో కొరికే బలం తక్కువున్న వాళ్లలో పిడికిలి పట్టు తక్కువగా, నడక మెల్లగా ఉండటం పదేపదే కనిపించింది. ఏది ముందు, ఏది వెనక అన్నది ప్రతి మనిషిలో ఒకేలా ఉండదు. ఆడవాళ్ల విషయంలో ఇంకొకటి తోడవుతుంది. వాళ్లలో కండ మొదటినుంచీ మగవాళ్ల కన్న తక్కువ, ముట్టు ఆగిన తర్వాత ఎముక, కండ రెండూ వేగంగా తగ్గుతాయి. కాబట్టి వాళ్లకు పోగొట్టుకునేందుకు మిగులు తక్కువ.

మీ ఇంట్లో జరుగుతున్న వరుస బహుశా ఇది. గట్టిది నమలలేక ముందు మాంసం తునకలు మానేస్తారు, తర్వాత పల్లీలు, గుడాలు, ఆఖరికి రొట్టె. మిగిలేది అన్నం, పులుసు. కడుపు నిండుతుంది గానీ కండకు కావలసిన మాంసకృత్తులు అందవు. కండ తగ్గితే దవడ కూడా అలుస్తుంది, అప్పుడు ఇంకా మెత్తటిది కావాలంటారు. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. అన్నిటికన్న తొందరగా తెంచగలిగేది తిండి దగ్గరే.

ముందు ఇంట్లోనే కొన్ని చూడండి. వెలుతురులో నోరు తెరిపించి పళ్లు లెక్కపెట్టండి. జపాన్‌లో 1989 నుంచి '80 ఏండ్లకు 20 సొంత పళ్లు' అని ప్రచారం చేస్తున్నారు. 20 పళ్లున్న మనిషి దాదాపు అన్ని రకాల తిండీ తినగలుగుతారన్నది దానికి ఆధారం. అయితే లెక్క ఒక్కటే చాలదు. పైన దవడపన్ను ఉండి దాని ఎదురు కింద పన్ను లేకపోతే అది నమలడానికి పనికిరాదు. తర్వాత మీ వేళ్లు ఆమె దవడ మూలల మీద, చెవి కింద పెట్టి 'పళ్లు గట్టిగా కరిచిపట్టు అత్తమ్మా' అనండి. రెండు పక్కలా కండ ఉబ్బాలి. ఒక పక్కే ఉబ్బితే రెండో పక్క పన్ను నొప్పి పెడుతూ ఉండొచ్చు, లేదా అక్కడ పన్ను లేకపోయి ఉండొచ్చు.

ఆ తర్వాత కాళ్లు. చేతులు లేని కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకొని ఐదుసార్లు లేచి కూర్చోమనండి. 12 సెకన్లు గానీ అంతకు మించి గానీ పడితే కండరాల బలహీనతను అనుమానించాలని ఆసియా నిపుణుల బృందం 2019లో నిర్ణయించింది. పిక్క అన్నిటికన్న లావుగా ఉన్నచోట టేపుతో కొలిస్తే ఆడవాళ్లకు 33 సెంటీమీటర్ల కన్న తక్కువ ఉండొద్దు. పిడికిలి పట్టు కొలిచే పరికరం ఫిజియోథెరపీ వాళ్ల దగ్గర ఉంటుంది, ఆడవాళ్లకు 18 కిలోల కన్న తక్కువ వస్తే బలహీనమే.

బరువు కూడా తూయండి. 50 కిలోల మనిషి ఆరు నెలల్లో రెండున్నర కిలోలో ఎక్కువో తగ్గితే దాన్ని పళ్ల మీదికే నెట్టేయకండి. షుగరు, థైరాయిడ్, టీబీ, ఇంకేదైనా లోపలి జబ్బు ఉందేమో డాక్టరుతో చూపించాలి.

ఇక తిండి. పెద్దవయసులో ఒక కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 50 కిలోల మనిషికి 50–60 గ్రాములు. మెత్తగానే అయినా ఇట్లా పెట్టొచ్చు: పొద్దున రెండు ఉడికించిన గుడ్లు, సుమారు 12 గ్రాములు. పగటి అన్నంలో 40 గ్రాముల కందిపప్పుతో గట్టి పప్పు, 9 గ్రాములు. పావు లీటరు పాలు, 8 గ్రాములు. కప్పు పెరుగు, 6 గ్రాములు. గుప్పెడు పల్లీలు, అంటే 30 గ్రాములు, వేయించి పొడి చేసి తొక్కులోనో కూరలోనో కలిపితే 7 గ్రాములు. రోజుకు 200 గ్రాముల బియ్యంతో 14 దాకా వస్తుంది. గుడ్డు తినని వాళ్లకు 50 గ్రాముల పెసర్లో బొబ్బర్లో రాత్రి నానబెట్టి కుక్కర్లో వేళ్ల మధ్య నలిగేదాకా ఉడికిన గుడాలు అదే పని చేస్తాయి. మాంసం తినే ఇంట్లో తునకలకు బదులు ఖీమా చేయండి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం మాంసకృత్తులు పెంచే ముందు డాక్టరును అడగాలి.

అన్నీ మిక్సీలో వేసి గంజిలా ఇవ్వడం మొదలుపెట్టకండి. నమలాల్సిన పని ఏమీ లేకపోతే ఉన్న కండ కూడా పోతుంది. నొప్పి పళ్లకు వైద్యం అయ్యాక మొదటి వారం గుడాలు, రెండో వారం పొయ్యి మీంచి దించిన పల్చటి వేడి రొట్టె కూరతో, తర్వాత సగం ఉడికిన క్యారెట్, ఆపైన పల్లీలు, ఇట్లా గట్టిదనం కొంచెం కొంచెంగా పెంచండి. రొట్టె చల్లారితే బిరుసెక్కుతుంది కాబట్టి వేడిమీదే పెట్టండి.

ప్రశ్న: నాకు 61. పండ్లు దాదాపు అన్నీ ఉన్నయి. కానీ గట్టిది నమిలితే దవడ గుంజుతది, అలిసిపోతది. దవడకు గూడ కసరత్తు ఉంటదా?
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: ఉంటుంది. ముందు పళ్ల డాక్టరుతో పుచ్చు, కదిలే పళ్లు లేవని చూపించుకోండి. పుచ్చు పన్ను మీద కసరత్తు చేస్తే నొప్పే మిగులుతుంది.

నడుం నిటారుగా కూర్చొని, వేళ్లు దవడ మూలల మీద ఆనించి, పళ్లన్నీ కలిపి మెల్లగా బిగబట్టండి. మొదటి వారం సగం బలమే వాడాలి. 5 సెకన్లు పట్టి, 5 సెకన్లు పూర్తిగా వదలండి. ఇట్లా 10 సార్లు, రోజుకు రెండు పూటలు. మూడో వారం నుంచి 10 సెకన్లకు పెంచొచ్చు. చక్కెర లేని చూయింగ్ గమ్ ఐదు నిమిషాల పాటు రెండు పక్కలకూ మారుస్తూ నమలడం కూడా పనిచేస్తుంది. నాలుకకు కూడా పని పెట్టాలి. నాలుకను అంగిలికి గట్టిగా ఒత్తి 5 సెకన్లు ఉంచి వదలాలి, 10 సార్లు. నాలుక బలహీనంగా ఉంటే ముద్ద దవడపళ్ల కిందికి చేరదు, ఎంత కొరికే బలం ఉన్నా ఉపయోగపడదు. 'త త త' అని ఆపకుండా ఎంత వేగంగా అనగలరో ఇంట్లో ఎవరితోనైనా ఐదు సెకన్లు లెక్కపెట్టించండి. సెకనుకు ఆరు కన్న తక్కువైతే నాలుక మందగించిందనుకోవాలి.

చెవి ముందు కీలు దగ్గర టకటకమని నొప్పి వస్తే, నిద్రలో పళ్లు కొరికే అలవాటు ఉంటే ఈ కసరత్తు వద్దు.

కొన్ని గుర్తులుంటే కసరత్తు సంగతి పక్కనపెట్టి వెంటనే డాక్టరును కలవండి. నమిలేకొద్దీ దవడ నొప్పి పెరిగి ఆపగానే తగ్గుతూ, కణత దగ్గర కొత్తగా తలనొప్పి, చూపు మసక ఉంటే అది రక్తనాళాల వాపు కావొచ్చు, చూపు పోయే ప్రమాదం ఉంది. భోజనం మొదట్లో బాగుండి చివరికొచ్చేసరికి దవడ పనిచేయక, సాయంత్రానికి కనురెప్పలు వాలిపోతే అది నరాలు, కండరాల జబ్బు కావొచ్చు. నడిచినప్పుడు దవడ లాగితే గుండె చూపించుకోవాలి, ఆడవాళ్లలో గుండెనొప్పి ఇట్లా కూడా వస్తుంది. మూతి ఒక్కసారిగా వంకరపోతే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. తంబాకు, గుట్కా అలవాటున్నవాళ్లకు నోరు తెరుచుకోవడం తగ్గినా, రెండు వారాలకు మానని పుండు ఉన్నా చూపించుకోవాల్సిందే.

ప్రశ్న: అమ్మకు 72. పోయినేడు పండ్లన్నీ తీయించి సెట్టు కట్టించినం. పెండ్లిళ్లకు పోయేటప్పుడే పెట్టుకుంటది, అన్నం తినేటప్పుడు తీసి పక్కకు పెడుతది. కింది సెట్టు లేస్తదంటది. పైసలు దండుగ అయినయా?
– ఒక కొడుకు, మిర్యాలగూడ

జవాబు: దండుగ కాలేదు. సెట్టు సరి చేయించాల్సిన పని మిగిలిపోయింది.

పళ్లు తీసిన తర్వాత దవడ ఎముక కరుగుతుంది, మొదటి ఏడాదిలో ఎక్కువగా. కింది దవడ పైదాని కన్న దాదాపు నాలుగు రెట్లు వేగంగా కరుగుతుంది. పళ్లు తీసిన కొద్దిరోజులకే కట్టించిన సెట్టయితే, లోపల చిగురు కిందికి దిగిపోయి సెట్టు అట్లాగే ఉండి మధ్యలో ఖాళీ ఏర్పడుతుంది. డాక్టరు కొత్తగా అచ్చు తీసి సెట్టు లోపలి వైపు మందం వేస్తారు. కొత్త సెట్టు కన్న ఇది చాలా తక్కువ ఖర్చు. కింది సెట్టు పైదానిలా అంగిలికి అతుక్కొని ఉండదు, నాలుక దాన్ని కదిలిస్తూనే ఉంటుంది. అందుకే అందరూ మొదట కింది సెట్టు మీదే ఫిర్యాదు చేస్తారు.

నిజం కూడా చెప్పాలి. మొత్తం కట్టుడు పళ్లతో సొంత పళ్ల బలంలో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే వస్తుంది. మీ అమ్మ పాత అలవాటుతో ముద్ద పెద్దగా పెట్టుకొని, ముందు పళ్లతో కొరికితే సెట్టు వెనక వైపు లేస్తుంది. రొట్టెను గోరంత ముక్కలుగా తుంచి, నోట్లో రెండు పక్కలా కొంచెం కొంచెం పెట్టుకొని, రెండు వైపులా ఒకేసారి నమలాలి. ఇది కొత్త విద్య, 6 నుంచి 8 వారాలు పడుతుంది. మొదటి వారం గట్టి పప్పన్నం, ఉడికించిన గుడ్డు, తర్వాత మెత్తటి కూరగాయలు, ఆఖరుకు రొట్టె, మాంసం. ఎక్కడైనా ఒరుసుకొని పుండు పడితే సెట్టును ఇంట్లో బ్లేడుతోనో ఆకురాయితోనో గీకొద్దు. డాక్టరు దగ్గరికి పోయే ముందు రోజు సెట్టు పెట్టుకొనే ఉండాలి, అప్పుడే ఒరిపిడి ఎక్కడో కనిపిస్తుంది.

రాత్రి తీసి మామూలు నీళ్ల గిన్నెలో వేయాలి. వేడి నీళ్లలో వేస్తే వంకర పోతుంది. పేస్టుతో తోమితే గీతలు పడి వాటిలో బూజు చేరుతుంది, మెత్తటి బ్రష్షుకు సబ్బు పెట్టి తోమాలి. కింద నీళ్ల బకెట్ పెట్టుకొని తోమితే జారిపడినా పగలదు. పళ్లులేని చిగుళ్లను, నాలుకను కూడా తడిగుడ్డతో తుడవాలి. అంగిలి ఎర్రగా మండితే బూజు పట్టిందన్నమాట, మందు సెట్టుకూ నోటికీ రెండింటికీ వాడాలి.

మందం వేయించినా కింది సెట్టు నిలవకపోతే, కింది దవడ ముందు భాగంలో రెండు ఇంప్లాంట్లు, అంటే ఎముకలో బిగించే లోహపు మేకులు, వేసి వాటికి సెట్టును గుండీల్లా తగిలించే పద్ధతి ఉంది. కొరికే బలం బాగా పెరుగుతుంది. షుగరు అదుపులో ఉండాలి, ఖర్చు ఎక్కువ. నార్కట్‌పల్లి, మహబూబ్‌నగర్ దంత వైద్య కళాశాలల్లో, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో అడిగి చూడండి.

ఒక హెచ్చరిక. సంతల్లో, రోడ్డు పక్కన 'గంటలో ఫిక్సుడు పళ్లు' అని ప్లాస్టిక్ ముద్దను పక్క పళ్లకు తీగతో కట్టేస్తారు. అది తీసి కడిగే వీలుండదు, కింద చిగురు కుళ్లి, బాగున్న పక్క పళ్లు కూడా రెండు మూడేండ్లలో ఊడతాయి. ఎంత చౌకైనా దాని జోలికి పోవద్దు.

ప్రశ్న: మాది ఫ్లోరైడు ఊరు. నా పండ్లు చిన్నప్పటి నుంచి గోధుమ రంగు గారలు, అంచులు పెచ్చులు పెచ్చులుగ ఊడుతున్నయి. మెడ తిరగది, చేతులు నొప్పి. నేను గూడ బలం పరీక్షలు చేసుకోవచ్చా? ఫ్లోరైడు ఉన్న పేస్టు వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, 64 ఏండ్లు, మర్రిగూడ మండలం

జవాబు: మీ విషయంలో బలం పరీక్షలను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఎముకల ఫ్లోరోసిస్‌లో కీళ్ల చుట్టూ ఉండే కట్లు గట్టిపడతాయి, మెడ దగ్గర నరాలు నొక్కుకుంటాయి. అప్పుడు పిడికిలి పట్టు తక్కువ వచ్చినా, కుర్చీలోంచి లేవడం ఆలస్యమైనా కారణం కండ తగ్గడమే అనలేము. చేతుల్లో తిమ్మిరి, నడకలో తూలు, మూత్రం ఆపుకోలేకపోవడం ఉంటే కసరత్తు కాదు, నరాల డాక్టరు అవసరం. మీకు పిక్క కొలత, బరువు నమ్మదగిన గుర్తులు.

పళ్ల గారలు ఎనిమిదేండ్ల లోపు, చిగురులో పన్ను తయారవుతున్నప్పుడు తాగిన నీళ్ల వల్ల వచ్చినవి. ఇప్పుడు పేస్టు వల్ల కొత్తగా రావు. పెద్దవాళ్లలో చిగురు దిగి వేరు బయటపడుతుంది, అక్కడ పుచ్చు వేగంగా పడుతుంది. ఆ పుచ్చును ఆపడానికి ఫ్లోరైడు పేస్టు పనికొస్తుంది. బఠాణీ గింజంత వేసుకొని, తోమి, పూర్తిగా ఉమ్మేయండి, మింగొద్దు. బొగ్గు, ఇటుక పొడి మానండి. మీ పైపొర అసలే బలహీనం, దాన్ని అవి ఇంకా అరగదీస్తాయి. పెచ్చులూడిన దవడపళ్లు పూర్తిగా విరగకముందే తొడుగు వేయించుకుంటే నమిలే బలం మిగులుతుంది.

నీళ్ల సంగతి: లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడు ఉండొచ్చు, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా. మరిగిస్తే ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. తాగడానికే కాదు, పప్పు ఉడకడానికీ మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడండి, బోరు నీళ్లు వద్దు.

ప్రశ్న: నాయిన పోయి రెండేండ్లయింది. అమ్మ ఊర్ల ఒక్కతే ఉంటది. ముందు పండ్లు నాలుగు ఊడినయి, కొంగు అడ్డం పెట్టుకొని మాట్లాడుతది. బోనాలకు రాలే, పెండ్లికి రాలే. వండుకుంటలేదు, ఏడ పెట్టింది ఏడ మర్చిపోతున్నది. పండ్లు లేకుంటే మతిమరుపు వస్తదని ఫోన్‌ల చూసిన. నిజమేనా?
– ఒక బిడ్డ, కల్వకుర్తి

జవాబు: పళ్లు తక్కువున్నవాళ్లలో, సరిగా నమలలేనివాళ్లలో మతిమరుపు, దిగులు ఎక్కువగా కనిపిస్తాయన్నది చాలా దేశాల పరిశీలనల్లో ఉంది. పళ్లు పోవడం వల్లే మెదడు దెబ్బతింటుందని మాత్రం రుజువు కాలేదు. డిమెన్షియాకు, అంటే మతిమరుపు జబ్బుకు, ఆపగలిగిన కారణాలు 14 అని 2024లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం చెప్పింది. అందులో దిగులు, ఒంటరితనం, వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, షుగరు, బీపీ, పొగ, కదలకుండా ఉండటం ఉన్నాయి. పళ్లు లేకపోవడం ఆ లెక్కలో లేదు. కాబట్టి ఫోన్‌లో చూసినదానికి భయపడకండి. కానీ మీరు రాసిన దాన్లో ఆ కారణాల్లోవి రెండు స్పష్టంగా ఉన్నాయి: దిగులు, ఒంటరితనం. పళ్లు ఈ రెండింటినీ పెంచుతున్నాయి.

ముందు పళ్లు లేని ఆడమనిషి నలుగురిలో నవ్వడానికి, తినడానికి సిగ్గుపడుతుంది. పిలిచినచోటికి పోవడం మానేస్తుంది. ఒక్కతే తింటే వండాలని అనిపించదు. ఇటు దిగులులో ఉన్న మనిషి పళ్లు తోమదు, ఆకలి ఉండదు, పళ్లు ఇంకా పాడవుతాయి. దిగులుకు, నిద్రకు వాడే కొన్ని మందులు నోరు ఎండేలా చేస్తాయి. అలర్జీ మాత్రలు కూడా అంతే. నోరు ఎండితే పుచ్చు పెరుగుతుంది, సెట్టు నిలవదు. మందులు మీ అంతట మీరు ఆపొద్దు. చీటీ తీసుకెళ్లి 'నోరు ఎండుతున్నది, మార్చగలరా' అని డాక్టరును అడగండి.

అమ్మ పక్కన కూర్చొని రెండు మాటలు అడగండి. రెండు వారాలుగా ఏ పని మీదా ఇష్టం లేకుండా ఉంటున్నవా అమ్మా? మనసంతా బరువుగా, దిగులుగా ఉంటున్నదా? ఎక్కువ రోజులు అట్లనే ఉందంటే మనసు డాక్టరుకు చూపించండి. మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. చచ్చిపోతే బాగుండు అన్న మాట నోట వస్తే ఆమెను ఒంటరిగా వదలకండి, ఆ రోజే చూపించండి.

మతిమరుపుకు బి12, థైరాయిడ్, షుగరు, రక్తహీనత పరీక్షలు చేయించండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏండ్ల తరబడి వాడేవాళ్లకు బి12 తగ్గుతుంది. నాలుక నున్నగా అయి మండటం దానికొక గుర్తు. అది కూడా తినకపోవడానికి కారణమవుతుంది. చెవి, కన్ను కూడా చూపించండి.

పళ్ల విషయంలో మా సలహా ఒకటే. ముందు ఆ నాలుగు పళ్లకు తీసిపెట్టే చిన్న సెట్టు కట్టించండి. రెండు మూడుసార్లు పోతే అయిపోతుంది. దవడపళ్ల పని తర్వాత చూసుకోవచ్చు. నమలడానికి ముందు పళ్లు అంత ముఖ్యం కాకపోయినా, ఆమె గడప దాటి నలుగురిలోకి రావడానికి అవే కావాలి. పగటి పూట ఒక్కసారైనా పక్కింటివాళ్లతోనో చుట్టాలతోనో కలిసి తినే ఏర్పాటు చేయండి.

ప్రశ్న: మా చిన్నమ్మకు ఎముకలు గుల్లబారినయని వారానికి ఒక మాత్ర ఇచ్చిన్రు. ఇప్పుడు దవడపన్ను పీకాలంటున్నరు. మాత్ర సంగతి చెప్పాల్నా?
– ఒక పాఠకుడు, గద్వాల

జవాబు: తప్పకుండా చెప్పాలి. వారానికొకసారి వేసుకునే అలెండ్రోనేట్, ఏడాదికొకసారి ఎక్కించే జోలెడ్రోనేట్ వంటి మందులు వాడేవాళ్లలో పన్ను తీసిన చోట ఎముక మానకుండా బయటపడే ప్రమాదం ఉంది. ఎముకలు గుల్లబారినందుకు ఇచ్చే మోతాదులో ఇది అరుదు, క్యాన్సర్‌కు ఇచ్చే పెద్ద మోతాదులో ఎక్కువ. ఎన్నేండ్లుగా వాడుతున్నారు, చివరి మోతాదు ఎప్పుడు, స్టెరాయిడ్ మాత్రలు ఉన్నాయా, షుగరు ఎంత అన్నవి కాగితం మీద రాసి పళ్ల డాక్టరుకు ఇవ్వండి. వీలైతే పన్ను పీకకుండా వేరు వైద్యంతో నిలుపుతారు. మందును సొంతంగా ఆపొద్దు, తుంటి విరిగే ప్రమాదం అంతకన్న పెద్దది. ఇంకా మందు మొదలుపెట్టని వాళ్లు ముందే పళ్ల డాక్టరుకు చూపించుకొని, తీయాల్సిన పళ్లు తీయించుకొని, చిగురు మానిన తర్వాత మొదలుపెడితే మంచిది.